ఎనర్జీ ఇంజినీరింగ్ డిగ్రీ ఎలా చదవాలి? సిలబస్ చూడటం నుంచి ఫైనల్ ప్రాజెక్టు దాకా

ఎనర్జీ ఇంజినీరింగ్‌లో చేరినవాళ్లు, చేరాలనుకునేవాళ్లు పదే పదే అడిగే ప్రశ్న ఒకటుంది. సబ్జెక్టులు చూస్తే మెకానికల్ కొంత, ఎలక్ట్రికల్ కొంత, కెమికల్ కొంత, మధ్యలో ఎకనామిక్స్. దేన్నుంచి మొదలుపెట్టాలి? ఏది ఎంత లోతుగా చదవాలి?

ఈ కోర్సులో ఏ సబ్జెక్టు తీసుకున్నా అడుగున ఉండేది జమాఖర్చే. శక్తి ఎక్కడి నుంచి ఎంత వచ్చింది, ఎక్కడికి ఎంత పోయింది, తేలని మిగతా భాగం ఏమైంది. ఈ లెక్క కాగితం మీద చేత్తో వేయగలిగితే సోలార్ అయినా, బాయిలర్ అయినా, గ్రిడ్ అయినా లొంగుతుంది. అది రాకపోతే ఎంత మంచి సాఫ్ట్‌వేర్ ఉన్నా అది ఇచ్చిన నంబరు తప్పో ఒప్పో మీకు తెలియదు. కింద ఇచ్చిన వరుసంతా ఈ ఒక్క నైపుణ్యం చుట్టూనే ఉంటుంది.

## 1. చేరే ముందు సిలబస్ చదవండి

ఒకే పేరున్న రెండు డిగ్రీలు లోపల పూర్తిగా వేరుగా ఉండొచ్చు. ఒకచోట దాన్ని మెకానికల్ విభాగం నడుపుతుంది. టర్బైన్లు, బాయిలర్లు, హీట్ ఎక్స్‌చేంజర్లు ఎక్కువ. ఇంకోచోట ఎలక్ట్రికల్ విభాగం నడుపుతుంది. గ్రిడ్, కన్వర్టర్లు, బ్యాటరీలు ఎక్కువ. మరికొన్ని చోట్ల పాలసీ, మేనేజ్‌మెంట్ పేపర్లు పెద్ద భాగం ఆక్రమిస్తాయి. మీకు కావాల్సింది ఏ రకమో ముందే తేల్చుకోవాలి.

పూర్తి సిలబస్ డౌన్‌లోడ్ చేసుకుని, ఒక్కో సెమిస్టరూ చదువుతూ టిక్ పెట్టండి:

- థర్మోడైనమిక్స్ ఒక మౌలిక పేపరు, దాని మీద ఒక అప్లైడ్ పేపరు
- ఫ్లూయిడ్ మెకానిక్స్, హీట్ ట్రాన్స్‌ఫర్ విడివిడిగా
- సర్క్యూట్లు, ఎలక్ట్రికల్ మెషీన్లు, పవర్ సిస్టమ్స్
- పవర్ ఎలక్ట్రానిక్స్, కంట్రోల్ (కనీసం ఎలెక్టివ్‌గా)
- ఎనర్జీ ఎకనామిక్స్ లేదా ప్రాజెక్ట్ ఎవాల్యుయేషన్
- మొదటి ఏడాది తర్వాత కూడా ప్రతి ఏటా ల్యాబ్
- ఇంటర్న్‌షిప్‌కు టైమ్‌టేబుల్‌లో చోటు

పేర్లు చూసి మోసపోకండి. సోలార్, విండ్, బయోమాస్, హైడ్రోజన్ అని పది పేపర్లుండి, థర్మో ఒక్కటే ఉంటే ఆ పదీ పరిచయ స్థాయిలోనే ఆగిపోతాయి. పునాది పేపర్లు గట్టిగా ఉన్న కోర్సులో హైడ్రోజన్ పేపరు లేకపోయినా మీరు సొంతంగా నేర్చుకోగలరు. రెండోదే మేలని నా గట్టి అభిప్రాయం.

వేరే దేశంలో పై చదువో ఉద్యోగమో మనసులో ఉంటే గుర్తింపు సంగతి కూడా చూడండి. 1989 నాటి వాషింగ్టన్ అకార్డ్ అనే అంతర్జాతీయ ఒప్పందంలో ఉన్న గుర్తింపు సంస్థలు ఒకరు గుర్తించిన ఇంజినీరింగ్ డిగ్రీని మరొకరు సమానంగా చూస్తారు. ఆ గుర్తింపు యూనివర్సిటీ మొత్తానికి కాకుండా ఒక్కో కోర్సుకు విడిగా, నిర్ణీత కాలానికి ఇస్తారు. మీరు చేరే కోర్సుకు, మీ బ్యాచ్‌కు అది వర్తిస్తుందో లేదో ఆఫీసులో అడిగి తెలుసుకోండి.

## 2. మొదటి క్లాసుకు ముందు: లెక్కలు, కొంచెం కోడ్

లెక్కల్లో మొత్తం సిలబస్ తిరగేయక్కర్లేదు. ఈ కోర్సులో నిజంగా వాడేవి ఇవి:

- డిఫరెన్షియల్ ఈక్వేషన్లు. వేడి వస్తువు చల్లబడటం, కెపాసిటర్ ఛార్జ్ అవడం, ట్యాంకులో నీటిమట్టం మారడం: మూడింటికీ ఒకే రకం ఫస్ట్ ఆర్డర్ ఈక్వేషన్. అది చేత్తో సాల్వ్ చేయడం రావాలి.
- మాట్రిక్సులు. గ్రిడ్‌లో లోడ్ ఫ్లో (ఏ లైన్లో ఎంత పవర్ పారుతోందన్న లెక్క) అంతా వీటి మీదే నడుస్తుంది.
- కాంప్లెక్స్ నంబర్లు. ఏసీ సర్క్యూట్లు వీటిలోనే రాస్తారు.
- స్టాటిస్టిక్స్. గాలి వేగాన్ని వైబుల్ డిస్ట్రిబ్యూషన్‌తో చెబుతారు. ల్యాబ్‌లో కొలత ఎంత నమ్మదగ్గదో చెప్పడానికీ ఇదే కావాలి.
- లాగరిథమ్. హీట్ ఎక్స్‌చేంజర్ దగ్గర మళ్లీ ఎదురవుతుంది.

కోడింగ్‌లో పైథాన్ చాలు. ఒక ఫైల్ చదవడం, గంటగంట విలువలు కూడటం, గ్రాఫ్ గీయడం వస్తే మొదటి రెండేళ్లకు సరిపోతుంది.

## 3. యూనిట్ల పట్టు

ఈ సెక్షన్‌ను తొందరగా దాటేయకండి. పరీక్షల్లో పోయే మార్కులు, ఉద్యోగంలో జరిగే పెద్ద తప్పులు చాలావరకు ఇక్కడే పుడతాయి.

పవర్, ఎనర్జీ. కిలోవాట్ ఒక వేగం, కిలోవాట్-అవర్ ఒక మొత్తం. 5 కిలోవాట్లు, 10 కిలోవాట్-అవర్ల బ్యాటరీ అంటే పూర్తి పవర్‌తో వాడితే 2 గంటలు వస్తుంది. బ్యాటరీ గురించి చెప్పేటప్పుడు రెండు నంబర్లూ ఉండాల్సిందే. ‘గంటకు ఇన్ని కిలోవాట్లు’ అని రాశారంటే ఎక్కడో పట్టు తప్పినట్టే. 1 కిలోవాట్-అవర్ అంటే 3.6 మెగాజౌళ్లు, ఇది కంఠతా రావాలి.

కెల్విన్, సెల్సియస్. 527 డిగ్రీల సెల్సియస్ దగ్గర వేడి తీసుకుని 27 డిగ్రీల దగ్గర వదిలే ఇంజిన్ కార్నో ఎఫిషియెన్సీ (ఆ రెండు ఉష్ణోగ్రతల మధ్య సాధ్యమయ్యే గరిష్ఠం) ఎంత? కెల్విన్‌లో అవి 800, 300. జవాబు 62.5 శాతం. సెల్సియస్‌లోనే భాగిస్తే దాదాపు 95 శాతం వస్తుంది. ఆ 95 చూడగానే చెయ్యి ఆగాలి.

గేజ్, అబ్సొల్యూట్ ప్రెషర్. మీటర్ చూపేది సాధారణంగా గేజ్ (చుట్టూ ఉన్న గాలి పీడనం కన్నా ఎంత ఎక్కువ అన్నది), స్టీమ్ టేబుల్స్‌లో ఉండేది అబ్సొల్యూట్ (సున్నా నుంచి లెక్కించింది). 10 బార్ అబ్సొల్యూట్ దగ్గర నీరు సుమారు 180 డిగ్రీలకు మరిగితే, 10 బార్ గేజ్ దగ్గర సుమారు 184కి మరుగుతుంది. వాక్యూమ్‌లో పనిచేసే కండెన్సర్ దగ్గర ఈ పొరపాటు చేస్తే లెక్క మొత్తం కూలిపోతుంది.

హయ్యర్, లోయర్ హీటింగ్ వాల్యూ. మీథేన్‌కు కిలోకు హయ్యర్ విలువ సుమారు 55.5 మెగాజౌళ్లు, లోయర్ విలువ సుమారు 50. మండినప్పుడు పుట్టే నీటి ఆవిరిలోని వేడిని లెక్కలో కలుపుతామా లేదా అన్నదే తేడా. కండెన్సింగ్ బాయిలర్ ఎఫిషియెన్సీ 100 శాతం దాటినట్టు కనిపిస్తే, లోయర్ విలువ మీద లెక్కగట్టారని అర్థం.

థర్మల్ మెగావాట్, ఎలక్ట్రికల్ మెగావాట్. 3,000 థర్మల్ మెగావాట్ల అణు రియాక్టర్ నుంచి బయటికొచ్చే కరెంటు సుమారు 1,000 మెగావాట్లు. మెగావాట్ అని రాసిన ప్రతిచోటా ఇది ఏది అని అడగండి.

ఇక సైజుల మీద ఒక అంచనా కూడా కావాలి. 100 లీటర్ల నీళ్లను 35 డిగ్రీలు వేడి చేయడానికి సుమారు 4.1 కిలోవాట్-అవర్లు పడుతుంది. 1,000 లీటర్ల నీళ్లు 100 మీటర్ల ఎత్తు నుంచి దిగితే, నష్టాలే లేవనుకున్నా వచ్చేది 0.27 కిలోవాట్-అవర్లు. అంటే ఆ 100 లీటర్ల వేడికి సమానమైన శక్తి రావాలంటే 15,000 లీటర్లు 100 మీటర్లు దిగాలి. వేడి ఎంత శక్తిని మింగుతుందో, ఎత్తు ఎంత తక్కువ ఇస్తుందో ఇలాంటి లెక్కలు నాలుగు చేస్తే ఒంటబడుతుంది.

## 4. ప్రాబ్లమ్ చేసే వరుస

ఫార్ములా వెతకడంతో మొదలుపెట్టేవాళ్లే ఎక్కువ. దానికి బదులు ప్రతి ప్రాబ్లమ్‌కూ ఈ వరుస పాటించండి:

1. బొమ్మ గీయండి. చుట్టూ చుక్కల గీతతో హద్దు పెట్టండి.
2. హద్దు దాటే ప్రతిదానికీ బాణం గీయండి: ఇంధనం, నీరు, ఆవిరి, పొగ, వేడి, పని.
3. ఇచ్చిన విలువలు యూనిట్లతో సహా బాణాల మీద రాయండి.
4. ఊహించుకున్నవి మాటల్లో రాయండి: నిలకడగా నడుస్తోంది, ఎత్తు తేడా వదిలేస్తున్నాం, ఇలాగ.
5. వచ్చింది = పోయింది + లోపల పోగైంది. ముందు మాటల్లో, తర్వాత గుర్తుల్లో.
6. టేబుల్స్ నుంచి విలువలు తీసి లెక్కకట్టండి.
7. జవాబును ఒక హద్దుతో పోల్చండి.

ఒక బాయిలర్ మీద చూద్దాం. సెకనుకు 0.05 కిలోల నూనె మండుతోంది, లోయర్ హీటింగ్ వాల్యూ కిలోకు 42 మెగాజౌళ్లు. లోపలికి వచ్చేది 2,100 కిలోవాట్లు. సెకనుకు 0.7 కిలోల నీళ్లు 60 డిగ్రీల దగ్గర లోపలికి వెళ్లి, 10 బార్ అబ్సొల్యూట్ దగ్గర శాచురేటెడ్ ఆవిరిగా బయటికొస్తున్నాయి. టేబుల్స్ ప్రకారం ఎంథాల్పీ (అందులో ఉన్న వేడి శక్తి) కిలోకు, నీటికి 251, ఆవిరికి సుమారు 2,778 కిలోజౌళ్లు. తేడా 2,527. దాన్ని 0.7తో గుణిస్తే 1,769 కిలోవాట్లు. ఎఫిషియెన్సీ 84 శాతం.

చాలామంది ఇక్కడ గీత గీసి ముగిస్తారు. మీరు ఇంకో లైను రాయండి: మిగిలిన 331 కిలోవాట్లు ఏమయ్యాయి? ఎక్కువ భాగం పొగతో పోయి ఉంటుంది. కొంత గోడల నుంచి, కొంత బ్లోడౌన్ నీటితో (మలినాలు పేరుకోకుండా బాయిలర్ నుంచి వదిలే నీరు). పొగ ఉష్ణోగ్రత, అందులో ఆక్సిజన్ శాతం ఇస్తే పొగ వాటా విడిగా లెక్కేయొచ్చు. అది 331కి దగ్గరగా తేలితే మీ లెక్క నిలిచినట్టు. ఎనర్జీ ఆడిటర్ చేసే పని కూడా ఇదే, కొలతలు నిజమైనవి అన్నదొక్కటే తేడా.

ఏడో మెట్టులో పోల్చడానికి పనికొచ్చే హద్దులు:

- వేడి నుంచి పని తీసే ఏ యంత్రానికైనా కార్నో
- విండ్ టర్బైన్‌కు బెట్జ్ హద్దు, గాలిలోని శక్తిలో గరిష్ఠంగా 59.3 శాతం
- ఒకే జంక్షన్ ఉన్న సోలార్ సెల్‌కు షాక్లీ, క్వైసర్ 1961లో చూపిన హద్దు, సుమారు 33 శాతం
- ప్యానెళ్లను పరీక్షించే ప్రామాణిక స్థితి: చదరపు మీటరుకు 1,000 వాట్లు, సెల్ 25 డిగ్రీలు

## 5. సబ్జెక్టుల వరుస: రెండు దారులు పక్కపక్కనే

వేడి వైపు దారి: థర్మోడైనమిక్స్, తర్వాత ఫ్లూయిడ్ మెకానిక్స్, తర్వాత హీట్ ట్రాన్స్‌ఫర్, ఆపైన టర్బైన్లు, రిఫ్రిజిరేషన్, కంబశ్చన్. కరెంటు వైపు దారి: సర్క్యూట్లు, మెషీన్లు, పవర్ ఎలక్ట్రానిక్స్, పవర్ సిస్టమ్స్. రెండూ ఒకేసారి నడవాలి. ఒకటి ఇష్టమని రెండోదాన్ని పాస్ మార్కులకు వదిలేస్తే, మూడో ఏడాదిలో హీట్ పంపో స్టోరేజో వచ్చినప్పుడు ఇబ్బంది పడతారు. ఎందుకంటే అక్కడ రెండు దారులూ కలుస్తాయి.

థర్మోడైనమిక్స్. మొదటి సూత్రం అందరికీ వస్తుంది. రెండోది, ముఖ్యంగా ఎంట్రపీ, చాలామందికి మసకగా మిగిలిపోతుంది. ప్రతి సైకిల్‌ను ఉష్ణోగ్రత-ఎంట్రపీ గ్రాఫ్ మీద చేత్తో గీయండి. ఎక్కడ గీత నిలువుగా ఉండాలి, నిజంలో ఎందుకు పక్కకు వాలుతుంది అని రాయండి. ఆ వాలులోనే నష్టం కనిపిస్తుంది.

ఫ్లూయిడ్ మెకానిక్స్. పంపు వేగం 80 శాతానికి తగ్గిస్తే పవర్ 51 శాతానికి పడిపోతుందని పుస్తకాలు చెబుతాయి, 0.8ని మూడుసార్లు గుణించిన లెక్క అది. పైపుల్లో రాపిడి మాత్రమే ఉన్నప్పుడు అది నిజం. నీళ్లను ఎత్తుకు తోడుతున్నప్పుడు ఆ ఎత్తు వేగంతో పాటు తగ్గదు కాబట్టి అంత ఆదా రాదు. వేగం మరీ తగ్గిస్తే నీళ్లు అసలు పైకే ఎక్కవు. పంపు కర్వ్, సిస్టమ్ కర్వ్ రెండూ ఒకే గ్రాఫ్ మీద గీసి, అవి కలిసే చోటు చూడటం అలవాటు చేసుకోండి.

హీట్ ట్రాన్స్‌ఫర్. వేడి ధార 90 నుంచి 60కి, చల్లటి ధార 30 నుంచి 50కి మారుతోందనుకోండి. ధారలు ఎదురెదురుగా పారితే లాగ్ మీన్ తేడా (రెండు ధారల మధ్య ఉష్ణోగ్రత తేడాకు లాగరిథమ్‌తో తీసే సగటు) 34.8 డిగ్రీలు, ఒకే దిశలో పారితే 27.9. అంటే అదే పనికి ఒకే దిశ అమరికలో దాదాపు 25 శాతం ఎక్కువ వైశాల్యం కావాలి. ఇలా ఒకే ప్రాబ్లమ్‌ను రెండు అమరికల్లో చేసి పోల్చితే ఫార్ములా దానంతటదే గుర్తుంటుంది.

త్రీ ఫేజ్. లైన్ వోల్టేజ్ 400, కరెంట్ 100 ఆంపియర్లు, పవర్ ఫ్యాక్టర్ 0.8. పవర్ 55.4 కిలోవాట్లు. మూడు వర్గమూలం మరిచిపోతే 32 వస్తుంది, దాని బదులు మూడుతో గుణిస్తే 96 వస్తుంది. ఈ రెండు తప్పు జవాబులూ గుర్తుపెట్టుకుంటే పరీక్షలో మీ తప్పు మీకే దొరుకుతుంది.

పవర్ సిస్టమ్స్. మెకానికల్ ఇష్టపడేవాళ్లకు ఇక్కడ టెన్షన్ మొదలవుతుంది. నిజానికి ఇదీ జమాఖర్చే. కాకపోతే ప్రతి క్షణం సరిపోవాలి. వాడకం కన్నా ఉత్పత్తి తగ్గితే ఫ్రీక్వెన్సీ పడుతుంది. ముందు పర్ యూనిట్ పద్ధతి (విలువలన్నీ ఒక బేస్ విలువకు నిష్పత్తిగా రాయడం) మీద పట్టు తెచ్చుకోండి, తర్వాత మూడు బస్సుల (లైన్లు కలిసే చోట్లు) చిన్న నెట్‌వర్క్‌కు లోడ్ ఫ్లో ఒకటి రెండు ఇటరేషన్లు చేత్తో చేయండి. ఆ తర్వాతే కంప్యూటర్.

## 6. సోలార్, విండ్ పేపర్లలో సగటు దగ్గర జాగ్రత్త

గాలిలో ఉండే పవర్ వేగం ఘనాన్ని బట్టి మారుతుంది. సగం సమయం సెకనుకు 4 మీటర్లు, సగం సమయం 8 మీటర్ల వేగంతో గాలి వీస్తే సగటు 6. 6 ఘనం 216. కానీ 4 ఘనం 64, 8 ఘనం 512. వీటి సగటు 288. సగటు వేగంతో లెక్కేస్తే గాలిలో ఉన్న శక్తిలో నాలుగో వంతు మీ లెక్కలోంచి జారిపోయింది. అందుకే సగటు ఒక్కటి చాలదు, వేగాల పంపిణీ కావాలి. టర్బైన్ రేటెడ్ వేగం దాటాక ఉత్పత్తి ఇక పెరగదు కాబట్టి, చివరికి పవర్ కర్వ్‌తోనే లెక్క ముగించాలి.

సోలార్‌లో ఇంకో రకం పొరపాటు. ప్యానెల్ మీద రాసిన వాట్లను అలాగే వాడేస్తారు. 100 కిలోవాట్ల ప్యానెళ్ల మీద చదరపు మీటరుకు 900 వాట్ల ఎండ పడుతోందనుకుందాం. 90 కిలోవాట్లు. సెల్ 60 డిగ్రీలకు వేడెక్కింది, ప్రతి డిగ్రీకి 0.35 శాతం నష్టం అనుకుంటే 35 డిగ్రీలకు 12.25 శాతం. 79 మిగిలింది. దుమ్ము, వైర్లకు 5 శాతం తీస్తే 75. ఇన్వర్టర్ 97 శాతం. చేతికొచ్చేది సుమారు 73 కిలోవాట్లు. అదీ మంచి ఎండలో. ఈ మెట్లన్నీ విడివిడిగా రాయండి. ఒకే పెద్ద లాస్ ఫ్యాక్టర్ పెట్టి గుణిస్తే ఏది సరిదిద్దాలో తెలియదు.

## 7. ఎకనామిక్స్‌ను చిన్నచూపు చూడకండి

ఎంత మంచి డిజైన్ అయినా డిస్కౌంట్ రేటు (రేపటి డబ్బు విలువను నేటికి తగ్గించే రేటు) దగ్గర నిలవొచ్చు, పడిపోవచ్చు. 100 రూపాయల పెట్టుబడిని 20 ఏళ్లలో తిరిగి రాబట్టాలంటే 5 శాతం రేటుకు ఏటా 8.02, 10 శాతానికి 11.75 కావాలి. యంత్రం అదే, ఎండ అదే. ఏటా రాబట్టాల్సింది మాత్రం 46 శాతం పెరిగింది. ఇంధనం ఖర్చు లేని సోలార్, విండ్, హైడ్రో ప్రాజెక్టులకు ఈ దెబ్బ ఎక్కువ, ఎందుకంటే వాటి ఖర్చు చాలావరకు మొదట్లోనే ఉంటుంది.

సింపుల్ పేబ్యాక్‌తో (పెట్టుబడి ఎన్నేళ్లలో తిరిగొస్తుందన్న లెక్క) ఆగిపోకుండా నెట్ ప్రెజెంట్ వాల్యూ (రాబోయే రాబడులు, ఖర్చుల నేటి విలువ) దాకా వెళ్లండి. లెవలైజ్డ్ కాస్ట్ (ప్రాజెక్టు జీవితకాలం మీద యూనిట్ కరెంటుకు పడే సగటు ఖర్చు) లెక్కవేయడం రావాలి, దాని పరిమితి కూడా తెలియాలి: మధ్యాహ్నం వచ్చే కరెంటును, సాయంత్రం పీక్‌లో వచ్చే కరెంటును అది ఒకే విలువతో చూస్తుంది.

## 8. ల్యాబ్: సరిపోని నంబర్లతోనే అసలు పాఠం

హీట్ ఎక్స్‌చేంజర్ ప్రయోగంలో వేడి ధార 5 కిలోవాట్లు ఇచ్చింది, చల్లటి ధార 4.4 తీసుకుంది. చాలా రికార్డుల్లో ఈ తేడాను ‘ప్రయోగ దోషం’ అని రెండు మాటల్లో దాటేస్తారు. దయచేసి అలా చేయకండి. ఆ 0.6 ఎక్కడికి పోయిందో వెతకండి: బయటి గోడ నుంచి నష్టమా, ఫ్లో మీటర్ సరిగా లేదా, నిలకడకు రాకముందే రీడింగ్ తీశారా? ఒకవేళ చల్లటి ధారే ఎక్కువ తీసుకున్నట్టు వస్తే, అది గది కంటే చల్లగా ఉండి చుట్టూ ఉన్న గాలి నుంచి వేడి లాగుతుంటే తప్ప, కొలతలోనే తప్పుంది.

ప్రయోగానికి ముందు, తర్వాత చూసుకోవాల్సినవి:

- ఎంత రావాలో అంచనా ముందే రాసుకున్నారా?
- ప్రతి మీటర్ రేంజ్, కచ్చితత్వం నోట్ చేశారా?
- రీడింగులు మారడం ఆగేదాకా ఆగారా?
- జవాబుకు ప్లస్, మైనస్ ఎంతో రాశారా?
- రా డేటా మార్చకుండా విడిగా దాచారా?

భద్రత విషయంలో రెండు మాటలు. వెలుతురు పడుతున్నంతసేపు సోలార్ ప్యానెల్ టెర్మినళ్ల దగ్గర వోల్టేజ్ ఉంటుంది. ఇన్వర్టర్ ఆపినంత మాత్రాన అది పోదు. కన్వర్టర్లలో కెపాసిటర్లు సప్లై తీసేశాక కూడా ఛార్జ్‌తో ఉంటాయి, డిస్‌ఛార్జ్ అయ్యాయని మీటర్‌తో చూశాకే చెయ్యి పెట్టండి.

## 9. సాఫ్ట్‌వేర్: ఎప్పుడు, ఏ వరుసలో

మొదట స్ప్రెడ్‌షీట్. తర్వాత పైథాన్‌లో కూల్‌ప్రాప్, ఆవిరి, రిఫ్రిజెరెంట్ల విలువలకు. సోలార్‌కు పీవీలిబ్ లేదా సిస్టమ్ అడ్వైజర్ మోడల్. భవనాలకు ఎనర్జీప్లస్. గ్రిడ్‌కు పాండాపవర్, పెద్ద సిస్టమ్ ప్లానింగ్‌కు పైప్సా. ఇవన్నీ ఉచితమే. అన్నీ నేర్చుకోవాలన్న ఆరాటం వద్దు, మీరు ఎంచుకున్న దారిలో రెండు బాగా వస్తే చాలు.

వాతావరణ డేటాకు నాసా పవర్, గ్లోబల్ సోలార్ అట్లాస్, గ్లోబల్ విండ్ అట్లాస్ ఉన్నాయి. డేటా దించుకోగానే మబ్బులేని ఒక్క రోజు గ్రాఫ్ గీయండి. ఎండ పీక్ సౌర మధ్యాహ్నం దగ్గర ఉందా? మూడు నాలుగు గంటలు పక్కకు జరిగి ఉంటే టైమ్ జోన్ తప్పు. ఇది ఎవరూ హెచ్చరించని తప్పు, ఏడాది మొత్తం కూడితే కనిపించదు కూడా. కానీ బ్యాటరీ సైజు లెక్కను పూర్తిగా పాడుచేస్తుంది.

ఏ మోడల్ అయినా రన్ బటన్ నొక్కే ముందు జవాబు ఎంత ఉంటుందో చేత్తో అంచనా రాయండి. రెంటికీ పెద్ద తేడా వస్తే, కారణం దొరికేదాకా ఆ ఫలితాన్ని ఎవరికీ చూపొద్దు.

## 10. వారం ఎలా గడవాలి

క్లాసుకు ముందు ఆ పాఠంలోని బొమ్మలు మాత్రం చూసి వెళ్లండి. క్లాసులో చేసిన ప్రాబ్లమ్‌ను అదే రోజు నోట్సు మూసి మళ్లీ చేయండి. ఆగిపోతే వెంటనే సొల్యూషన్ తెరవకుండా కనీసం అరగంట పట్టుకుని కూర్చోండి; తెరిచినా ఒక్క లైను మాత్రం చూసి మూసేయండి. వారాంతంలో రెండు సబ్జెక్టులు కలిసే ప్రాబ్లమ్ ఒకటి చేయండి, పంపు, దాని మోటారు కలిపి, ఇలాగ.

తప్పుల పుస్తకం ఒకటి పెట్టుకోండి. మార్కు పోయిన ప్రతిచోటా అది యూనిట్ తప్పా, హద్దు తప్పా, టేబుల్ తప్పా, కాన్సెప్ట్ తప్పా అని రాయండి. పరీక్ష ముందు రోజు టెక్స్ట్‌బుక్ కంటే ఇదే ఎక్కువ పనికొస్తుంది.

## 11. ఇప్పటికే వెనకబడితే

రెండో ఏడాదిలో హీట్ ట్రాన్స్‌ఫర్ అర్థం కావడం లేదంటే, లోపం తరచూ అందులో ఉండదు. వెనక్కి వెళ్లి చూడండి:

- బొమ్మ గీయగలరు గానీ ఈక్వేషన్ రాయలేరు: థర్మో మొదటి సూత్రం, ఓపెన్ సిస్టమ్స్ మళ్లీ
- ఈక్వేషన్ రాయగలరు గానీ సాల్వ్ చేయలేరు: డిఫరెన్షియల్ ఈక్వేషన్లు
- జవాబు వస్తుంది గానీ ప్రతిసారీ తప్పు: యూనిట్లు, టేబుల్ చదవడం
- ప్రశ్నే అర్థం కాదు: ఆ యంత్రాన్ని ల్యాబ్‌లోనో ప్లాంట్‌లోనో ఒకసారి కళ్లారా చూడండి

బ్యాక్‌లాగ్ ఉంటే ముందు థర్మో క్లియర్ చేయండి, మిగతావి తర్వాత. దాని మీద ఆధారపడే పేపర్లు ఎక్కువ కాబట్టి అక్కడ పెట్టిన గంట నాలుగు చోట్ల తిరిగొస్తుంది.

## 12. ఇంటర్న్‌షిప్, ఫైనల్ ప్రాజెక్టు

ప్లాంట్‌కు వెళ్తే మొదటి రోజే సింగిల్ లైన్ డయాగ్రమ్, పైపింగ్ డయాగ్రమ్ అడగండి. నేమ్‌ప్లేట్ మీద ఉన్న విలువకు, ఆపరేటర్ లాగ్‌బుక్‌లో రోజూ రాసే విలువకు తేడా చూడండి. ఆ తేడా ఎందుకని ఆపరేటర్లనే అడగండి. ఎన్నో ఏళ్లు ఆ యంత్రం పక్కనే నిలబడ్డవాళ్లు చెప్పే కారణాలు ఏ పుస్తకంలోనూ దొరకవు.

ప్రాజెక్టు విషయంలో టాపిక్ కన్నా ముందు డేటా చూసుకోండి. ‘సౌరశక్తి వినియోగంపై అధ్యయనం’ లాంటి పేరుతో మొదలుపెడితే చివరిదాకా దారి దొరకదు. ‘ఈ భవనం పైకప్పు ప్యానెళ్లకు ఎంత బ్యాటరీ జోడిస్తే సాయంత్రం పీక్ సగానికి తగ్గుతుంది?’ అన్నది ప్రశ్న. దానికి జవాబుగా ఒక నంబరు వస్తుంది, ఆ నంబరును ఎవరైనా పరీక్షించవచ్చు. ఈ ప్రశ్నకు ఆ భవనం గంటగంట వాడకం కావాలి. అది కనీసం ఒక ఏడాదికి దొరుకుతుందని తేలాకే గైడ్ దగ్గరికి వెళ్లండి.

సబ్మిట్ చేసే ముందు:

- హద్దు ఎక్కడ గీశారో మొదటి పేజీల్లోనే ఉందా?
- హీటింగ్ వాల్యూ ఏది వాడారో, మెగావాట్లు ఏ రకమో రాశారా?
- ఏమీ మార్చకపోతే ఎలా ఉంటుందన్న బేస్ కేసు ఉందా?
- ముఖ్యమైన మూడు ఊహలను పైకీ కిందకీ మార్చి ఫలితం చూశారా?
- చేతి లెక్క ఒకటి అనుబంధంలో పెట్టారా?
- మీ ఫైళ్లు ఇచ్చి, సాయం లేకుండా మీ ఫ్రెండ్‌తో ఒకసారి మోడల్ రన్ చేయించారా?

చివరిది ముందుగా చేయించండి, కనీసం రెండు వారాల ముందు. అప్పుడు బయటపడే తప్పులు దిద్దుకోవడానికి ఆ టైమ్ పడుతుంది.